గ్రోత్ స్కాన్ నార్మల్ వచ్చింది, ఏ ఐసీడీ (డయాగ్నసిస్) కోడ్ వేయాలి?

కొత్త కోడర్: అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిమ్. 32 వారాల గర్భిణి, ఒకే బిడ్డ. ఆర్డర్‌లో "గర్భాశయం సైజు వారాలకు తక్కువ, ఐయూజీఆర్ (కడుపులో బిడ్డ ఎదుగుదల లోపం) రూల్ అవుట్ (ఉందో లేదో తేల్చండి)" అని ఉంది. ఫాలోఅప్ స్కాన్‌లో (ప్రొసీజర్ కోడ్ 76816) ఎదుగుదల నార్మల్. మొదటి డయాగ్నసిస్ ఏది?

పాత కోడర్: ఓ26.843 (గర్భాశయం సైజు వారాలకు సరిపోకపోవడం), వెంట జెడ్3ఏ.32 (32 వారాల గర్భం). అవుట్‌పేషెంట్‌లో "రూల్ అవుట్" అన్నదాన్ని ఉన్న జబ్బుగా కోడ్ చేయకూడదు. సైజు తేడా మాత్రం డాక్టర్ స్వయంగా చూసి రాసింది.

డినయల్ డెస్క్ (తిరస్కరించిన క్లెయిమ్‌లు చూసేవాళ్లు): ఓ36.5930 (బిడ్డ ఎదుగుదల లోపం) వేయండి. కోడ్ వివరణలోనే "తెలిసిన లేదా అనుమానించిన" అని ఉంది.

పాత కోడర్: రిపోర్ట్ నార్మల్ అని చేతిలో ఉండగా ఇంకా అనుమానమేంటండీ?

డినయల్ డెస్క్: "అనుమానించిన" అని ఉందా, లేదా? అది చెప్పండి.

నైట్ షిఫ్ట్: జెడ్36.4 వేస్తే పోలా?

పాత కోడర్: అది స్క్రీనింగ్‌కి. ఇక్కడ లక్షణం ఉంది.

ఇంకో కోడర్: అనుమానించారు, లేదని తేలింది. అచ్చంగా జెడ్03.74 కదా?

పాత కోడర్: ఆ అనుమానానికి సంబంధించిన లక్షణం ఉంటే జెడ్03.7 వాడొద్దని గైడ్‌లైన్. ఓ26.84తో కలిపి వేద్దామన్నా ఎక్స్‌క్లూడ్స్1 (రెండూ కలిపి వేయొద్దనే నోట్) అడ్డం.

ఆడిట్ బాధితుడు: నేనూ ఇలాంటి కేసులో ఓ26.84 వేస్తే ఆడిటర్ ఎర్రర్ కొట్టాడు. ఇన్సెంటివ్ పోయింది. కారణం అడిగితే "లీడ్‌ని అడుగు", లీడ్‌ని అడిగితే "ఆడిటర్‌ని అడుగు". గైడ్‌లైన్ ఎవడికి కావాలి బ్రో!

డినయల్ డెస్క్: మీరు కోడ్ వేసి లాగౌట్ అయిపోతారు. క్లెయిమ్ వెనక్కొస్తే ఫోన్‌లో మాటలు పడేది నేను. ఆ పేయర్ (ఇన్సూరెన్స్ కంపెనీ) పాలసీ లిస్టులో ఓ26.84 లేదు. పేషెంట్‌కి బిల్లు వెళ్తే మీరు కడతారా?

పాత కోడర్: అదీ అసలు సంగతి. డబ్బు వస్తుందని ఆ కోడ్ వేస్తున్నామని మొదటే చెప్పాల్సింది, వివరణ వెనక దాక్కోవడం దేనికి? బిడ్డ ఎదుగుదల బాగుందని తేలాక కూడా లేని సమస్య ఆ తల్లి రికార్డులో ఎక్కుతుంది. స్కాన్ చూశాక కూడా డాక్టర్ తన అనుమానం పోలేదని రాస్తే, అప్పుడు ఓ36.59 గురించి మాట్లాడదాం.

డినయల్ డెస్క్: నీతులు సరే, ఈ క్లెయిమ్ సంగతేంటి?

పాత కోడర్: వెనక్కొస్తే అప్పీల్. ఫండల్ హైట్ (గర్భాశయం ఎత్తు) కొలత జత చేసి.

కొత్త కోడర్: ఆర్డర్‌లో కొలత లేదు. విజిట్ నోట్‌లో మాత్రం 28 సెం.మీ. అని ఉంది.

డినయల్ డెస్క్: ఆ నోట్ నాకు పంపండి. అప్పీల్ నేనే వేస్తా. అప్పీలూ వెనక్కొస్తే మాత్రం ఆ కాల్‌లో పాత కోడర్ గారు కూర్చోవాలి.