డేటింగ్ యాప్‌లో మోసపోతే స్టేషన్‌లో ఏం రాసివ్వాలి? ఇంట్లో తెలుస్తుందా?

వేపపుల్ల: మూడే ప్రశ్నలు. యాప్‌లో పరిచయమైనవాడు ఫొటోలు చూపించి డబ్బులు గుంజుతుంటే అర్జీ ఎలా మొదలుపెట్టాలి? "అసలు అలాంటి యాప్‌లోకి ఎందుకెళ్లావ్" అంటే ఏమనాలి? ఇంటికి ఫోన్ చేస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి, నీతులొద్దు.

పెన్‌డ్రైవ్: అర్జీ తర్వాత, ముందు అన్‌మ్యాచ్ (యాప్‌లో పరిచయం తెంచే బటన్) నొక్కకండి. చాలా యాప్‌లలో అది నొక్కితే చాట్ మొత్తం మీ ఫోన్‌లోంచి కూడా పోతుంది. చాలామంది నంబరును "యాప్ అబ్బాయి" అని సేవ్ చేసుకుని స్క్రీన్‌షాట్లు తీసుకొస్తారు. వాటిలో ఆ పేరే తప్ప నంబరు ఎక్కడా ఉండదు! కాంటాక్ట్ పేజీ తెరిచి, దేశం కోడ్‌తో సహా నంబరు కనిపించేలా ఇంకో షాట్ తియ్యండి. ప్రొఫైల్ లింక్ కాపీ చేసుకోండి. బెదిరింపు మెసేజ్ పక్కన తేదీ, టైమ్ పడాలి. క్రాప్ చెయ్యొద్దు, గీతలు గియ్యొద్దు.

సగంనిద్ర: డబ్బు పోయుంటే ఇవన్నీ ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. ఆలస్యమైతే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటేస్తుంది, ఆపడానికేమీ మిగలదు. యూపీఐలో పంపితే వాళ్లడిగేది 12 అంకెల యూటీఆర్, అంటే ఆ లావాదేవీ నంబరు. ఆర్డర్ ఐడీ చదివి వినిపించి టైమ్ వేస్ట్ చెయ్యకండి.

నల్లకోటు: 22 ఏళ్లుగా క్రిమినల్ ప్రాక్టీసు నాది. పరువు గురించి బెంగ వద్దు. బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 72వ సెక్షన్ ప్రకారం బాధితుల పేరు బయటపెట్టినవాడికి 2 ఏళ్ల దాకా జైలు. ఇక చర్చ అనవసరం.

మిరపతొడిమ: అవసరమే లాయరు గారూ. 72 వర్తించేది 64 నుంచి 71 దాకా ఉన్న అత్యాచారం లాంటి నేరాలకే. ఫొటోలతో బెదిరించి డబ్బు గుంజడం బలవంతపు వసూళ్ల సెక్షన్ 308 కిందికొస్తుంది. అక్కడ మీ 72 పనిచెయ్యదు.

నల్లకోటు: గూగుల్‌లో నంబర్లు చూసినవాళ్లంతా లాయర్లే. సున్నితమైన ఎఫ్‌ఐఆర్‌లు వెబ్‌సైట్‌లో పెట్టక్కర్లేదని 2016లో సుప్రీంకోర్టే చెప్పింది.

మిరపతొడిమ: మిగతావన్నీ 24 గంటల్లో పెట్టమన్నదీ ఆ తీర్పే. ఆ సగం మింగేశారేం? పెట్టొద్దని నిర్ణయించాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. అడగకపోతే ఎవరూ పట్టించుకోరు. అందుకే అర్జీ చివర ఒక వాక్యం ఉండాలి: "ఇందులో నా వ్యక్తిగత ఫొటోల ప్రస్తావన ఉంది కనుక ఈ ఎఫ్‌ఐఆర్‌ను సున్నితమైనదిగా పరిగణించి వెబ్‌సైట్‌లో ఉంచవద్దని ప్రార్థన." మీ 22 ఏళ్లలో ఎంతమంది చేత రాయించారో చెప్పండి.

నల్లకోటు: మర్యాదగా మాట్లాడండి.

కొత్తచెప్పు: మీ గొడవ పక్కన పెట్టండి. ఫొటో తనే ఇష్టపడి పంపితే ఇక కేసు లేనట్టేనా?

మిరపతొడిమ: ఉంటుంది. తీయడానికి ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. 77వ సెక్షన్ వివరణలోనే ఉంది. మొదటిసారికి 1 నుంచి 3 ఏళ్లు.

అరటిదూట: 77 ఆడవాళ్లకే. మగవాళ్లు ఎటు పోవాలి? ఈ వసూళ్లలో ఇరుక్కునే మగపిల్లలు తక్కువేం కాదు, వాళ్ల ఊసే ఎవరూ ఎత్తరు.

పెన్‌డ్రైవ్: ఒప్పుకోలు లేకుండా ప్రైవేటు ఫొటోలు పంచడాన్ని శిక్షించే ఐటీ చట్టం 66ఈలో ఆడామగా తేడా లేదు. 308కీ లేదు. అవతలివాడూ మగాడే అయితే "నీమీదే కేసు పెడతారు" అని బెదిరిస్తారు, అదీ ఉత్తదే. ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య అది నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టులో తేలిపోయింది.

కొత్తచెప్పు: పెళ్లైనవాళ్ల సంగతో?

పెన్‌డ్రైవ్: వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497 కూడా ఆ నెల్లోనే పోయింది. ఇంట్లో గొడవ అవుతుందేమో గానీ స్టేషన్‌లో అది కేసు కాదు.

సగంనిద్ర: ఫొటోలు పాకకుండా స్టాప్ ఎన్‌సీఐఐ అనే వెబ్‌సైట్ వాడొచ్చు. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని హ్యాష్ (వేలిముద్ర లాంటి కోడ్) ఒక్కటే వెళ్తుంది.

వేపపుల్ల: నేనడిగింది ఇంటికి ఫోన్ వెళ్తుందా అని. ఎవరూ చెప్పరేం?

నల్లకోటు: ఆడవాళ్లను విచారణకు స్టేషన్‌కి పిలవకూడదు, ఇంటికే రావాలి. బీఎన్‌ఎస్‌ఎస్ (పోలీసు విచారణ పద్ధతి చెప్పే చట్టం) 179. ఇది మీకు రక్షణ.

మిరపతొడిమ: ఇంట్లో తెలియకూడదని ఆమె మొత్తుకుంటుంటే పోలీసుల్ని ఇంటికి పంపడం రక్షణా! అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: తనకిష్టమైతే స్టేషన్‌కే రావచ్చు. అర్జీలో "విచారణకు నా ఇష్టంతో స్టేషన్‌కే హాజరవుతాను, ఈ నంబరుకే ఫోన్ చెయ్యండి" అని రాయండి. మీ సొంత నంబరే ఇవ్వండి. ఎఫ్‌ఐఆర్ ఫారంలో తండ్రి లేదా భర్త పేరు గడి ఉంటుంది, అది చూసి బెదరకండి. అది పేరు కోసమే. మేజరైతే ఇంట్లోవాళ్లకు చెప్పాలన్న నిబంధన లేదు.

అరటిదూట: ఇవన్నీ ఎందుకు, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా ఇచ్చేస్తే పోతుంది కదా.

సగంనిద్ర: పోతుంది, మీ కేసు కూడా. పేరు లేకుండా ఇచ్చిన ఫిర్యాదును ట్రాక్ చెయ్యలేరు, వాళ్లకు ఏదైనా కావాలన్నా మిమ్మల్ని అడగలేరు. పేరుతో ఇచ్చి 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టండి, బీఎన్‌ఎస్‌ఎస్ 173. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునేది) అడగండి. అప్పటికీ తీసుకోకపోతే అదే అర్జీ ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఎఫ్‌ఐఆర్ కాపీకి రూపాయి కట్టక్కర్లేదు.

వేపపుల్ల: "ఎందుకెళ్లావ్" అంటే?

మిరపతొడిమ: యాప్ వాడటం నేరం కాదు, ఆ ప్రశ్నకు అర్జీలో చోటే లేదు. ఎప్పుడు పరిచయం, ఏ రోజు ఏమని బెదిరించాడు, ఎంత పంపారు, తేదీల వరసలో ఒక్క పేజీ. "నమ్మి మోసపోయాను, తప్పు నాదే" లాంటివి రాయకండి, స్టేషన్ రైటర్ రాసినదాంట్లో దూరితే కొట్టేయించండి. చదవకుండా మాత్రం సంతకం పెట్టొద్దు.