నర్సింగ్ అయిన చెల్లి జర్మన్ నేర్చుకుంటానంటోంది, దండగ అంటారా?

లంక_కుర్రోడు:
ఆయ్, అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. మా చెల్లి బీఎస్సీ నర్సింగ్ అయ్యి కాకినాడలో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చేస్తోంది, జీతం సంగతి అడక్కండి, హాస్టలుకీ చార్జీలకీ సరిపోద్ది. ఇప్పుడు జర్మనీకి నర్సుగా వెళ్లడానికి జర్మన్ నేర్చుకుంటానని కూర్చుంది, దాని ఫ్రెండ్స్ ఆల్రెడీ క్లాసుల్లో చేరారంట. ఇంట్లో గొడవ. మా ఊళ్లో ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు కువైట్లోనో మస్కట్లోనో ఉంటారు, మా మేనత్త కూడా కువైట్లోనే, ఆవిడేమో నేనేం చదువుకుని వచ్చానురా, వచ్చాక భాష అదే వచ్చేస్తది, ఏడాది పాటు జీతం మానుకుని అఆలు దిద్దడం ఏంటి అంటది. అమ్మ కూడా అటే. నాకు ఎటూ తేలట్లేదు. నేను అడిగేది వీసా గురించి కాదండి, అది కన్సల్టెన్సీ వాళ్లు రోజూ ఫోన్ చేసి చెప్తూనే ఉన్నారు. ఆ భాష వస్తే నిజంగా ఏం ఒరుగుద్ది, ఇంగ్లీషుతో గడవదా, రేపు ఏ కారణం చేతో వెళ్లకపోతే ఆ చదువంతా గోదాట్లో కలిసినట్టేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రి_డ్యూటీ:
తమ్ముడూ, మాది పాలకొల్లు, ఇప్పుడు జర్మనీలో డార్ట్‌మండ్ దగ్గర నర్సుగా చేస్తున్నా. మీ మేనత్తగారు చెప్పింది ఆవిడ పనికి కరెక్టే, కానీ నర్సుకి అది కుదరదు. గల్ఫ్‌కి నర్సుగా వెళ్లాలన్నా లైసెన్సు పరీక్ష ఉంటది, కాకపోతే అది ఇంగ్లీషులో. ఇక్కడ అలా కాదు, మన డిగ్రీని ఇక్కడి రాష్ట్రం గుర్తించాలి, పదహారు రాష్ట్రాలు, ఎక్కడి ఆఫీసు అక్కడే, ఆ గుర్తింపుకి మామూలుగా బీ2 దాకా జర్మన్ అడుగుతారు, ఏ1, ఏ2, బీ1, బీ2 అని భాషకి మెట్లు ఉంటాయి, బీ2 నాలుగోది. కాగితాలు చూసి నీ చదువులో ఫలానాది తక్కువైంది అంటే కొన్ని నెలల అడాప్టేషన్ ట్రైనింగో, లేదంటే ఒక పరీక్షో. అది తేలేదాకా నువ్వు అసిస్టెంటువే, జీతం కూడా అసిస్టెంటుదే.

సర్లే ఇవన్నీ కన్సల్టెన్సీ వాళ్లు కూడా చెప్తారు. వాళ్లు చెప్పనిది ఏంటంటే, మన దగ్గర పేషెంటుకి స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం అన్నీ వాళ్ల చుట్టాలో ఆయాలో చూసుకుంటారు కదా, ఇక్కడ అవి కూడా నర్సు పనే. అంటే పొద్దున్నే ఎనభై ఏళ్ల ముసలావిడకి ఒళ్లు తుడుస్తూ మాట్లాడుతూనే ఉండాలి, ఆవిడ మోకాలి నొప్పి దగ్గర్నుంచి కొడుకు ఫోన్ చేయట్లేదనే దాకా అన్నీ నీకే చెప్తది, అందులోనే ఎక్కడో నిన్నటి నుంచి ఒంటేలు సరిగ్గా రావట్లేదని ఒక్క ముక్క అంటది, అది పట్టుకుని చార్టులో రాయాలి, డాక్టరుకి చెప్పాలి. ఇంగ్లీషు వచ్చిన డాక్టర్లు ఉంటారు, ఆ ముసలావిడకి రాదు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల సంగతి ఇంక చెప్పక్కర్లేదు.

అంకెలు ఇంకో తలనొప్పి. ఇరవై అయిదుని వీళ్లు అయిదూ ఇరవై అంటారు, యాభై రెండుని రెండూ యాభై. ఫోన్లో డాక్టరు డోసు చెప్తుంటే కొత్తవాళ్లకి 25కీ 52కీ బుర్ర తిరిగిపోద్ది, అందుకే రాసుకుని మళ్లీ చదివి వినిపించమంటారు. దానికి తోడు బవేరియా లాంటి చోట్ల పెద్దవాళ్ల యాసకీ క్లాసులో విన్న ఆడియోకీ సంబంధమే ఉండదు, అమలాపురం మాట మాత్రమే విన్నవాళ్లని శ్రీకాకుళంలో దింపినట్టు ఉంటది. భయపెట్టడానికి కాదు, బీ2 అనేది సర్టిఫికెట్ కోసం కాదు అని చెప్తున్నా, వార్డులో బతకడానికి.

భీమవరం_బీటెక్:
నేను సాక్సనీలో ఎంఎస్ చేస్తున్నా, నా కోర్సు మొత్తం ఇంగ్లీషే, జర్మన్ ఏ1 కూడా సరిగ్గా లేకుండా వచ్చేశా ఎందుకంటే సీనియర్లందరూ అక్కడికెళ్లాక చూసుకోవచ్చురా అన్నారు, గవర్నమెంటు యూనివర్సిటీలు చాలావాటిలో ఫీజు లేదు, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1500 యూరోలు, ఇంక బ్లాక్డ్ అకౌంటు అని, ఏడాది ఖర్చుకి ముందే వేసి నెలనెలా కొంత తీసుకునేది, అందులో 11,904 యూరోలు చూపించాలి, మా నాన్న రొయ్యల చెరువు మీద అప్పు తెచ్చి కట్టాడు, సో పార్ట్‌టైం తప్పదు. ఏడాదికి 140 ఫుల్ డేస్ పని చేసుకోవచ్చు. భాష రాకపోతే ఆ 140 రోజులూ గోడౌన్లో డబ్బాలు మోయడమే. మా క్లాసులోనే బీ1 ఉన్న తమిళ అబ్బాయి కంపెనీలో వర్కింగ్ స్టూడెంటుగా చేస్తున్నాడు, సబ్జెక్టులో మేమిద్దరం ఒకటే.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలు ఇస్తారు. బెర్లిన్ స్టార్టప్‌లలో ఇంగ్లీషుతో నడుస్తదేమో గానీ నాలాంటి మెకానికల్ వాడికి ఉద్యోగాలు ఉండేది చిన్న చిన్న ఊళ్లలో, అక్కడ షాప్‌ఫ్లోర్ అంతా జర్మనే. తర్వాత బ్లూ కార్డు, అంటే డిగ్రీ ఉన్న విదేశీయులకి ఇచ్చే ఉద్యోగ పర్మిట్, దాని మీద పర్మనెంట్ రెసిడెన్సీ, ఏ1 ఉంటే 27 నెలలకి, బీ1 ఉంటే 21 నెలలకి. సిటిజన్‌షిప్‌కి కూడా బీ1 అడుగుతారు. భాషకి రేటు కట్టి మరీ పెట్టారు వీళ్లు.

గుడ్డిగా_నమ్మను:
అందరూ బాగానే ఊదరగొడుతున్నారు గానీ రెండో వైపు కూడా వినండి. మాది తణుకు. మా వీధిలోనే ఒకమ్మాయి ఏ2 దగ్గర ఆపేసింది, ఫీజు పోయింది, ఉన్న ఉద్యోగమూ పోయింది. ఆరు నెలల్లో బీ2 గ్యారంటీ అని ఫ్లెక్సీలు కట్టేవాళ్లని నమ్మకండి. బీ2కి మొదటి నుంచి లెక్కేస్తే 45 నిమిషాల క్లాసులు 600 నుంచి 800 దాకా కావాలని జర్మన్ నేర్పించి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్లే చెప్తారు, ఇంట్లో చదువుకునేది వేరే. నైట్ డ్యూటీలు చేసే పిల్లకి రోజుకి ఎన్ని క్లాసులు కుదురుతాయో లెక్కేసుకోండి.

ఇంకోటి, నర్సులు ఎక్కువ కావాల్సింది వాళ్లకి. జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థ, విదేశాలతో కలిసి పనిచేసే వాళ్ల ఇంకో సంస్థ జీఐజెడ్ కలిసి ట్రిపుల్ విన్ అని 2013 నుంచి ప్రోగ్రాం నడుపుతున్నారు, కేరళలో అక్కడి ప్రభుత్వ సంస్థ నోర్కా ద్వారా నర్సుల్ని తీసుకుంటున్నారు, అందులో నర్సు దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు తీసుకోరు, ఆ ఖర్చు ఉద్యోగంలోకి తీసుకునే హాస్పిటలే భరిస్తది. మరి మన దగ్గర ఏజెంటు లక్షలు ఎందుకు అడుగుతున్నాడో ఆలోచించండి. భాషకి ఫీజు కట్టండి, ఉద్యోగానికి కట్టొద్దు. ఫ్రెండ్స్ చేరారు కాబట్టి నేనూ అనే కారణమైతే మాత్రం అసలు మొదలెట్టొద్దు.

రాజమండ్రి_మాస్టారు:
మీ అందరి గోల ఉద్యోగం చుట్టూనే తిరుగుతోంది, తప్పు లేదు, కానీ జర్మన్‌కీ మనకీ చుట్టరికం ఈనాటిది కాదర్రా. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు ఎక్కడ అచ్చయ్యాయో తెలుసా, జర్మనీలో హాలె అనే ఊళ్లో, 1740ల్లో, బెంజమిన్ షుల్ట్జ్ అనే మిషనరీ వేయించాడు. మన రాజమండ్రిలో లూథరన్ మిషన్ మొదలెట్టింది కూడా ఉత్తర జర్మనీ వాళ్లే, 1840ల్లో, తర్వాత అమెరికా వాళ్ల చేతికి వెళ్లింది. అప్పుడు వాళ్లొచ్చి మన గుణింతాలు దిద్దారు, ఇప్పుడు మన పిల్లలు వెళ్తున్నారు.

నేను రిటైరయ్యాక సరదాకి మొదలెట్టాను, ఎక్కడికీ వెళ్లేది లేదు. తెలుగువాడికి ఒక సుఖం ఉంది. రాసినట్టే పలుకుతారు, ఇంగ్లీషులాగా స్పెల్లింగు ఒకటీ పలుకుబడి ఇంకోటీ కాదు. ఎందుకంటే అని మొదలయ్యే వాక్యంలో క్రియ చివరికి పోతుంది, ఇంగ్లీషు నుంచి వెళ్లేవాళ్లు దానికి ఏడుస్తారు, మనం పుట్టిందే అలా మాట్లాడుతూ. లింగాలు మాత్రం చంపేస్తాయి. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, చిన్నపిల్ల నపుంసకం. కారణం అడక్కుండా బట్టీ పట్టడమే. అబ్బాయీ, మీ చెల్లెల్ని ముందు ఏ1 చదవనివ్వండి, ఆ పిల్లకి అది నచ్చుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

లంక_కుర్రోడు:
అందరికీ థాంక్సండి, మాస్టారూ మీది మా చెల్లికి చదివి వినిపించాను, నపుంసకం దగ్గర తెగ నవ్వింది. రాత్రి డ్యూటీ అక్కా, రెండు డౌట్లు. ఉద్యోగం ఎప్పుడు మానెయ్యాలి? ఒకవేళ వెళ్లకపోతే ఇక్కడ ఏమైనా పనికొస్తదా?

రాత్రి_డ్యూటీ:
ఏ2 దాకా మానెయ్యక్కర్లేదు తమ్ముడూ, సాయంత్రం ఆన్‌లైన్ బ్యాచ్‌లో చేరమను, డాయిష్ వెల్లే అని జర్మనీ వాళ్ల ప్రసార సంస్థ సైట్లో బీ1 దాకా కోర్సు ఫ్రీగానే ఉంది, బస్సులో వింటూ వెళ్లొచ్చు. బీ1 నుంచి మాత్రం కష్టం, నైట్లు చేసి పొద్దున్నే గ్రామర్ అంటే ఎక్కదు, అప్పుడు ఆ ఖర్చుకి ముందే కొంత పక్కన పెట్టుకుని మానెయ్యమను. తణుకు గారు చెప్పిన ఏజెంట్ల మాట నిజం, నేనైతే దానికి సంతకం పెడతా.

మన దగ్గరే ఉండిపోతే నర్సు పనికి పెద్దగా ఉపయోగం ఉండదు, అబద్ధం చెప్పను. బాష్, జడ్‌ఎఫ్ లాంటి జర్మన్ కంపెనీలకి హైదరాబాద్‌లో ఆఫీసులు ఉన్నాయి గానీ వాళ్లకి కావాల్సింది ఇంజినీర్లు. జర్మన్ నేర్పించే టీచరుగా స్థిరపడొచ్చు, బీ2 పైన ఉన్న టీచర్లు మన జిల్లాల్లో దొరకట్లేదు.

పరీక్ష సంగతి, గోథే బీ1, బీ2 నాలుగు ముక్కలుగా ఉంటది, చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం. ఒక్కో దాంట్లో 60 శాతం రావాలి, ఒకటి పోతే అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు, కాబట్టి ఒకసారి పోయిందని ఇంట్లో ఎవరూ గోల చెయ్యకండి.

లంక_కుర్రోడు:
అమ్మకి ఆ నాలుగు ముక్కల సంగతి చెప్పానక్కా, సప్లీ లాగానా అంది, సరే అంది. పరీక్ష హైదరాబాద్‌లో రాయాలా, చెన్నైలోనా?

రాత్రి_డ్యూటీ:
ఎక్కడ సీటు ముందు దొరికితే అక్కడ. బుకింగ్ తెరిచే తేదీ రాసి పెట్టుకోండి, తొందరగా అయిపోతాయి.