పోలింగ్‌కి పార్టీ పెట్టిన బస్సెక్కితే ఓటు అమ్ముకున్నట్టేనా?

ఉద్దానం కొబ్బరితోట:
హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల పనిలోను, చెన్నైలోను, గుజరాత్ వెరావల్ బోట్ల మీదా ఉన్న మన శ్రీకాకుళం జనం ఎన్నికలకి ఊరొస్తారు. చాలామందికి దారి ఖర్చు పార్టీలే పెట్టుకుంటాయి. మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో చదువుకున్న కుర్రాడొకడు "బస్సెక్కి వచ్చినవాడి ఓటు కొన్న ఓటే, ప్రజాస్వామ్యాన్ని పాడుచేసేది వీళ్ళే" అని రాశాడు. చాలామంది అవునన్నారు. నేను ఒప్పుకోలేను. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటింది. అందులో విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో నిలబడి వచ్చినవాళ్ళున్నారు, పార్టీ బస్సులో వచ్చినవాళ్ళూ ఉన్నారు. అంటే ఆర్థిక అసమానత మన దగ్గర ఓటును ఆపడం లేదు. ఓటేశాక నోరు తెరిచి అడగడాన్ని ఆపుతోందని నా వాదన. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి తక్కువ. మంచినీళ్ళ గురించి, డయాలసిస్ గురించి అడగడం ఇక్కడ ప్రాణం మీది విషయం. కానీ బస్సు పెట్టి, భోజనం పెట్టి తెచ్చినవాడి గుమ్మం ముందు నిలబడి గట్టిగా అడగాలంటే మనిషికి మొహమాటం అడ్డొస్తుంది. "ఆ రోజు తీసుకున్నావు కదా" అంటాడేమోనని. ఆ మొహమాటమే అయిదేళ్ళూ పనిచేస్తుంది.

ఆమదాలవలస మాస్టారు:
చట్టం సంగతి ముందు చెప్తాను. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లోని అయిదో క్లాజు ప్రకారం, అభ్యర్థి గానీ ఆయన ఏజెంటు గానీ ఓటర్లను పోలింగ్ కేంద్రానికి ఉచితంగా చేరవేయడానికి బండి పెడితే అది అవినీతి చర్య. ఈ క్లాజు వేలు చూపేది బండి పెట్టినవాడి వైపే. ఆ మేరకు మీ కుర్రాడి మాట తప్పు.

కానీ పేదరికం పేరు చెప్పి బాధ్యత మొత్తం తీసేయకండి. మా వీధిలో మేడలున్నవాళ్ళు, నెల జీతం వచ్చేవాళ్ళు కూడా ఓటుకి డబ్బు కవరు ఇవ్వలేదని మనిషిని పంపి అడిగించుకున్నారు. వాళ్ళకేం లోటు? ఇది అసమానత జబ్బు కాదు, అలవాటు జబ్బు. నలభై ఏళ్ళ కిందట ఇంత లేదు, అప్పుడు జనం ఇంతకంటే పేదవాళ్ళు.

వెరావల్ బోటు:
మాస్టారూ, నమస్కారం. నేను బస్సెక్కినవాణ్ణే, కాబట్టి నాకూ మాట్లాడే హక్కుంది.

రానూ పోనూ దారిలో పోయే రోజులకి కూలి రాదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉంటాం, పని మానితే అది కొండలా పెరుగుతుంది. టికెట్టు చేతి డబ్బుతో కొనుక్కుని ఇంటిల్లిపాదీ రావాలంటే ఒక నెల మిగులు పోతుంది. అయినా ఎందుకొస్తామంటే, ఓటు వేయకపోతే లిస్టులో పేరు తీసేస్తారని భయం. లిస్టులో పేరు పోతే కార్డు పోతుందని, అమ్మ పింఛను ఆగుతుందని ఇంకో భయం. నిజంగా తీస్తారో లేదో వేరే సంగతి, భయం మాత్రం నిజం. లోపలికెళ్ళాక నేను నాకు నచ్చిన గుర్తుకే నొక్కాను. రెండు పార్టీలూ ఫోన్ చేశాయి, ముందు ఏ బస్సొస్తే అదెక్కాను. నా ఓటు ఎవరూ కొనలేదు.

అయితే కొబ్బరితోట అన్న చెప్పినది కూడా నిజమే. 2018లో మనోళ్ళు వెరావల్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరి దాకా జైల్లో ఉన్నారు. అప్పుడు ఆ ఇంటి ఆడాళ్ళు ఎవరికీ మొహమాటపడలేదు, అందరి గుమ్మాలూ ఎక్కారు. ప్రాణం మీదికొస్తే అడుగుతాం. మన తీరంలోనే బోటు కట్టుకునే రేవు కావాలని మామూలు రోజుల్లో అడగడానికి మాత్రం మేం ఊళ్ళోనే ఉండం.

ఉద్దానం కొబ్బరితోట:
తమ్ముడూ, నువ్వు రాసినది నా వాదన కంటే బలంగా ఉంది.

మాస్టారికి ఒక మాట. పరాగ్వే దేశంలో ఓట్ల కొనుగోలు మీద జరిగిన అధ్యయనం 2012లో అచ్చయింది. అక్కడి దళారులు డబ్బిచ్చేది, మేలుకి బదులు తీర్చాలనే పట్టుదల ఎక్కువగా ఉన్నవాళ్ళకే అని తేలింది. అంటే వాళ్ళు వాడుకుంటున్నది మనిషిలోని మంచి గుణాన్ని. ఇంకొకటి 2013లో వచ్చింది. తమిళనాడు చెరకు రైతుల ఆలోచనా శక్తిని కోతకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షించారు. చేతిలో డబ్బాడనప్పుడు అదే మనిషి తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. తెలివి తగ్గలేదు, టెన్షన్ బుర్రంతా నింపేసింది. అయిదేళ్ళ తర్వాతి రేవు గురించి ఆలోచించు అని ఆ స్థితిలో ఉన్నవాణ్ణి అడగడం న్యాయమా?

విజయనగరం కోటవీధి:
ఇక్కడ అందరూ పేదవాడి మనసునే విప్పి చూస్తున్నారు. నాకు కోపం వస్తోంది. ధనవంతుడి మనసు సంగతేంటి?

2024 లోక్‌సభకి గెలిచిన 543 మందిలో 504 మంది కోటీశ్వరులని వాళ్ళ అఫిడవిట్లే చెబుతున్నాయి. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు. ఒక నియోజకవర్గానికి హైదరాబాద్ నుంచి వచ్చే బస్సుల్ని చూసినవాడెవడైనా ఆ పరిమితిని నమ్ముతాడా? ఎవరు ఏ పార్టీకి ఎంతిచ్చారో ఓటరుకి తెలియకుండా ఎలక్టోరల్ బాండ్లు ఆరేళ్ళు నడిచాయి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. బాండు కొన్నవాడికి మొహమాటం లేదు, తన పని అడిగి చేయించుకుంటాడు. బస్సెక్కినవాడు నోరు మూసుకుంటాడు. దేశ సంపదలో 40 శాతం పైన ఒక్క శాతం మంది చేతిలో ఉందని 2024లో వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ లెక్క తేల్చింది. ముందు దీని గురించి మాట్లాడండి.

ఇంకో సంగతి. పేదవాడు అడగలేడని తీర్పు చెప్పకండి. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని నిలబడింది రైతులు, మత్స్యకారులు. 2010 జూలై 14న కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ప్లాంటు రాలేదు.

జూట్‌మిల్లు కాలనీ:
నేను విజయనగరం జిల్లాలో ఒక మిల్లు కార్మికుడి కూతుర్ని. మిల్లు మూతపడినప్పుడు మా కాలనీలో యాజమాన్యం మీద జరిగిన గొడవ కంటే, ఆ తర్వాత "ఆ ఇంటికి పింఛనెందుకు, మాకెందుకు రాలేదు" అని పక్కింటివాళ్ళతో జరిగిన గొడవలే ఎక్కువ. ఏళ్ళ తరబడి మాటల్లేని ఇళ్ళున్నాయి. అమెరికాలో ఒక పరిశోధనలో కూడా ఇలాంటిదే బయటపడింది. కనీస వేతనం పెంచడాన్ని ఎక్కువగా వద్దన్నది దానికి కాస్త పైన సంపాదిస్తున్నవాళ్ళే. కింది మెట్టు మీదవాడు తమ పక్కకొచ్చి నిలబడతాడని భయం. పైనున్నవాడు ఎంత ఎత్తులో ఉన్నాడో కనబడదు, పక్కవాడు ఒక మెట్టెక్కితే కనబడుతుంది. పార్టీలు ఇది బాగా కనిపెట్టాయి. కోటవీధి అన్నా, బీలలో అందరికీ ఒకే నష్టం వచ్చింది కాబట్టి కలిశారు. వలసలో ఎవరి మేస్త్రీ వాడిది, ఎవరి ఊరు వాడిది.

ఆమదాలవలస మాస్టారు:
అమ్మా, మీరు చెప్పినది ఆలోచించవలసిందే. అయినా అలవాటు గురించి నా మాట నేను వదలను. మేడవాడి కవరుకి మీరెవరూ జవాబు చెప్పలేదు.

బస్సు అవసరమే లేకుండా చేసే దారి ఒకటి వచ్చి ఆగిపోయింది. ఉన్న ఊళ్ళోనే సొంత నియోజకవర్గానికి ఓటేసే రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2022 డిసెంబర్‌లో ప్రకటించింది. ఒక యంత్రంలో 72 నియోజకవర్గాలు పడతాయన్నారు. 2023 జనవరిలో పార్టీల్ని పిలిస్తే చాలా పార్టీలు వద్దన్నాయి. వలస ఓటరంటే ఎవరో తేల్చలేదని, పోలింగ్ ఏజెంట్లను ఎలా పెట్టాలని అడిగాయి. అవి సబబైన ప్రశ్నలే. జవాబులు వెతికి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఉద్దానం కొబ్బరితోట:
యంత్రం వస్తే మంచిదే. కానీ ఓటు పనిచేసే చోటే పడిపోతే మా తమ్ముడు ఊరికి రావడమే మానేస్తాడు, అడగడం ఇంకా దూరమవుతుంది. మేడవాడి కవరుకి నా జవాబు ఇది: వాడికి తర్వాత అడగాల్సిన పని తక్కువ. నీళ్ళకి ఫిల్టరుంది, జబ్బుకి వైజాగ్ ఉంది. కవరు వల్ల వాడు నష్టపోడు, వాడి పక్కన ఉన్న పేదవాడు నష్టపోతాడు.

1949 నవంబర్ 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించారు, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని. ఓటు రోజున మనం ఆ మొదటి సగాన్ని మాత్రమే చూస్తున్నాం.

నా ప్రతిపాదన ఒకటుంది. వలస జనం సొంత డబ్బుతో ఊరికొచ్చేది సంక్రాంతికి. ఎవరి బస్సూ ఎక్కరు, ఎవరికీ రుణపడరు. గ్రామసభ ఆ వారంలోనే పెట్టించాలి. నీళ్ళు, రేవు, ఉపాధి పనులు అప్పుడు అడిగి మినిట్స్‌లో రాయించాలి.

వెరావల్ బోటు:
అన్నా, భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఎవరూ కూర్చోరు. ముక్కనుమ నాడు పొద్దున్నే పెడితే వస్తాం, మర్నాడు రైలెక్కుతాం కాబట్టి. కానీ ఆ రోజు సెక్రటరీ, ఎంపీడీవో ఆఫీసు వాళ్ళు సెలవులో ఉంటారు. వాళ్ళు లేకుండా మేం చెప్పింది ఎవరు రాసుకుంటారు? ముందు ఆ రోజు వాళ్ళు రావాలని కలెక్టరు గారి దగ్గర ఆర్డరు తెప్పించాలి. అర్జీ మీరు రాయండి, మా పేటలో సంతకాలు నేను పెట్టిస్తాను.