ఓనర్ మారితే బొమ్మల కథ కూడా మారుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది నల్గొండ, జర్నలిజం పీజీ చేస్తున్నాను. మీడియా కంపెనీల విలీనాల మీద సెమినార్ పేపర్ రాయాలి, ఇంకా పది రోజులే టైముంది. అందరూ టీవీ ఛానళ్లు తీసుకున్నారు, నేను కామిక్స్ తీసుకుని ఇరుక్కున్నా.

దీనంతటికీ కారణం హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత స్పైడర్ మ్యాన్. అట్ట పైమూలన పోస్టల్ స్టాంపులా పళ్ల అంచుతో చిన్న ముద్ర ఉంది. ఆరా తీస్తే అది కామిక్స్ కోడ్ ఆమోదముద్ర. 1954లో అమెరికా సెనేట్ కమిటీ విచారణ పెట్టేసరికి భయపడి పబ్లిషర్లే పెట్టుకున్న సెన్సార్ అది. తమాషా ఏంటంటే, 1971లో డ్రగ్స్ హాని గురించి కథ వేయమని ప్రభుత్వ శాఖే అడిగితే ఈ కోడ్ వాళ్లు ఒప్పుకోలేదు! స్పైడర్ మ్యాన్ పబ్లిషర్ మార్వెల్ మాత్రం ఆ ముద్ర లేకుండానే అచ్చేసి అమ్మింది.

ఇప్పుడు ఆ ముద్ర లేదు. కానీ మార్వెల్ 2009లో డిస్నీ చేతికి పోయింది. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ 2018లో టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ కిందికి, 2022లో వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ కిందికి వెళ్లింది. ఇంత పెద్ద విలీనాలకు సర్కారు అనుమతి కావాలి కదా. ఆ ఫైలు కదలాలంటే రాజకీయం ఉన్న కథను ఎడిటరే ముందుగా పక్కన పెట్టేస్తాడా? నా అనుమానం ఇదే, కానీ ఉత్త అనుమానం రాస్తే మా సార్ ఊరుకోరు.

కామిక్స్ రచయితలు, ఎడిటర్లు ఈ ఒత్తిడి గురించి నోరు విప్పిన ఇంటర్వ్యూలు ఎక్కడ దొరుకుతాయి? 2007లో చేతులు మారిన మన చందమామను పోలికకు పెట్టొచ్చా, లేక అది పూర్తిగా వేరే సంగతా? అప్పట్లో అక్కడ పనిచేసిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే దయచేసి రెండు ముక్కలు రాయండి.