అప్‌డేట్: ఫుటీ ఆడే మా అబ్బాయి గజ్జల నొప్పి, కారణం తెలిసింది

మెల్‌బోర్న్‌లో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) టీనేజర్లు ఆడే కోట్స్ టాలెంట్ లీగ్‌లో మిడ్‌ఫీల్డర్‌గా ఆడే మావాడికి బంతి తన్నినప్పుడల్లా గజ్జల్లో నొప్పి, ఏఎఫ్‌ఎల్ (ఫుటీ ప్రొఫెషనల్ లీగ్) క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ మీద ఆశ వదులుకోవాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

స్పోర్ట్స్ డాక్టర్ ఎంఆర్‌ఐ తీయించి ఆస్టియైటిస్ ప్యూబిస్ అన్నారు. పొత్తికడుపు కింద, ముందువైపు ఎముకలు కలిసే చోట మితిమీరిన శ్రమ వల్ల వచ్చేది. "వారం మొత్తంలో పరుగెంతో లెక్కేయండి" అన్నవారి మాటే నిజమైంది. స్కూలు, లోకల్ క్లబ్, టాలెంట్ లీగ్... మూడు చోట్లా ప్రాక్టీసు, ఏ కోచ్‌కీ మిగతా రెండింటి సంగతి తెలియదు! ఇప్పుడు ఫిజియో ఒక్కరే మూడింటికీ కలిపి ప్లాన్ వేస్తున్నారు. కొన్నాళ్లు తన్నడం పూర్తిగా ఆపించి, తొడ లోపలి కండరాలకు వ్యాయామాలు చేయించి, తర్వాత కిక్‌లు మెల్లగా పెంచారు. నొప్పి పోయింది, మళ్లీ ఆడుతున్నాడు.

కొందరు అనుమానించినట్టు బూట్లకీ దీనికీ సంబంధం లేదు. హెర్నియా కూడా కాదు.

డ్రాఫ్ట్‌కి 18 ఏళ్లప్పుడే ఎంపికవ్వాలని రూలేమీ లేదు. మిడ్‌ఫీల్డర్ టిమ్ కెల్లీని 2017లో జీలాంగ్ క్లబ్ డ్రాఫ్ట్‌లో తీసుకునేటప్పటికి అతనికి 23. ఈ సంగతి చెప్పాకే మావాడు తొందర తగ్గించాడు.