సిల్ఫ్రాలో డైవింగ్: డ్రై సూట్ కోర్సు ముందే చేయాలా, అక్కడికి వెళ్ళాక చేస్తే సరిపోతుందా?

నీలిమేఘం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి చివర్లో ఐస్‌లాండ్ వెళ్తున్నాం, అక్కడి సిల్ఫ్రా అనే నీటి పగుల్లో దిగాలని ఉంది. ఉండేది జర్మనీలో. అండమాన్ హేవ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో తొలి స్థాయి) సర్టిఫికెట్ తీసుకున్నాను. ఆ తరువాత చేసినవన్నీ వెచ్చటి సముద్రంలో, 3 మి.మీ. వెట్‌సూట్ (లోపలికి నీరు చేరే సూట్)తో చేసిన డైవ్‌లే. డ్రై సూట్, అంటే నీరు చొరకుండా లోపల గాలి ఉండే సూట్, ఎప్పుడూ వేసుకోలేదు. మావారికి ఈత బాగా వచ్చు, డైవింగ్ రాదు.

నా సందేహాలు ఇవి. డ్రై సూట్ కోర్సు ఇక్కడే చేసుకుని వెళ్ళాలా, లేక ఐస్‌లాండ్‌లో ముందురోజు చేస్తే చాలా? అంత చల్లటి నీళ్ళలో రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే సాధనం) గడ్డకడుతుందంటారు, అది ఎందుకు జరుగుతుంది, జరిగితే ఏం చేయాలి? మావారు స్నార్కెలింగ్ (నీటి పైనే తేలుతూ, గొట్టంతో ఊపిరి పీలుస్తూ చూడడం)తో సరిపెట్టుకుంటే ఆయనకు ఏమైనా తక్కువవుతుందా? ఇంకో మాట, సిల్ఫ్రా హిమానీనదంలో పడిన పగులేనా?

చన్నీటి_డైవర్:

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతానండి. సిల్ఫ్రా మంచులో పడిన పగులు కాదు, లావా రాతిలో పడింది. థింగ్‌వెల్లిర్ జాతీయ ఉద్యానంలో ఉంది. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఏడాదికి సుమారు 2 సెం.మీ. చొప్పున దూరమవుతున్న లోయ అది. రెండు చేతులు చాపి రెండు ఖండాలను ముట్టుకోవచ్చని ప్రచారంలో చెబుతారు గానీ, ఫలకాల సరిహద్దు ఒక గీత కాదు, కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ. పడమట అల్మన్నగ్యౌ, తూర్పున హ్రఫ్నగ్యౌ, వాటి మధ్య ఇలాంటి పగుళ్ళు ఎన్నో ఉన్నాయి. సిల్ఫ్రా వాటిలో ఒకటి. నీరు మాత్రం హిమానీనదానిదే. సుమారు 50 కి.మీ. దూరంలోని లాంగ్‌యోకుల్ కరిగిన నీరు లావా రాతిలోకి ఇంకి, దశాబ్దాల పాటు వడకట్టుకుంటూ వచ్చి ఈ పగుల్లో ఊరుతుంది. అందుకే 100 మీటర్ల దూరం కూడా స్పష్టంగా కనిపిస్తుంది, అందుకే ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే ఉంటుంది. ఊట ఆగదు కాబట్టి నడి చలికాలంలోనూ గడ్డకట్టదు.

ఇక కోర్సు. నిర్వాహకులు అడిగేది ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో పాటు డ్రై సూట్ సర్టిఫికెట్, లేదంటే గత రెండేళ్ళలో కనీసం 10 డ్రై సూట్ డైవ్‌లు చేసినట్టు సంతకాలున్న లాగ్‌బుక్. డైవింగ్‌కి కనీస వయసు 17. ఒంటరిగా దిగనివ్వరు. 18 మీటర్ల కన్నా లోతుకు, గుహల్లోకి వెళ్ళడం నిషేధం. పగులు లోతు 63 మీటర్ల వరకు ఉన్నా మీకు దానితో పనిలేదు. చూడవలసిందంతా పైనే ఉంది. 2017లో మరణాలు జరిగాక నిబంధనలు ఇంకా బిగించారు. వాటిలో వెసులుబాటు కోసం బతిమాలకండి.

ఐస్‌లాండ్‌లోనే కోర్సు చేసి మర్నాడు సిల్ఫ్రాలో దిగవచ్చు, కాగితం మీద అర్హత వచ్చేస్తుంది. నా సలహా మాత్రం జర్మనీలోనే, ఏదైనా చెరువులో చేసి, ఆ తరువాత ఇంకో నాలుగైదు డైవ్‌లు అదే సూట్‌తో చేసి రమ్మని. చలి ఎవరైనా ఓర్చుకుంటారు. సిల్ఫ్రాలో జనాన్ని ఇబ్బందిపెట్టేది తక్కువ లోతు. బిగ్ క్రాక్, హాల్, కథీడ్రల్ అని వరసగా వచ్చే భాగాల్లో లోతు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చివరన లాగూన్ అనే మడుగులో రెండు మూడు మీటర్లే. 18 నుంచి 8 మీటర్లకు వస్తే సూట్‌లోని గాలి ఒకటిన్నర రెట్లకు పెరుగుతుంది. 10 నుంచి పైకి వస్తే సరిగ్గా రెట్టింపు. 10 మీటర్ల దగ్గర సూట్‌లో 5 లీటర్ల గాలి ఉంటే, వదలకుండా పైకొచ్చేసరికి 10 లీటర్లు, అంటే అదనంగా 5 కిలోల తేలుడు. వెట్‌సూట్ అలవాటున్న వాళ్ళ చెయ్యి బీసీడీ (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసే జాకెట్) బటన్ మీదికి పోతుంది, ఎడమ భుజం మీది ఎగ్జాస్ట్ వాల్వ్ గుర్తుకు రాదు. ఆ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంచి, మోచెయ్యి ఎత్తితే గాలి దానంతటదే పోతుంది. ఈ కదలిక చేతికి అలవాటు కావాలి. ఒక్కరోజు కోర్సులో అది రాదు.

ఇంకోటి, గాలి పాదాల్లోకి పోయి తలకిందులవడం. మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని, ముందుకు దొర్లి, తల పైకి తెచ్చుకుని వెంటనే గాలి వదలాలి. సూట్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇరుక్కుని గాలి ఆగకుండా వస్తుంటే ముందు గొట్టం ఊడదీయాలి, ఆ తరువాత వదలాలి. ఈ రెండూ మందపాటి గ్లవ్‌లతో, కళ్ళు మూసుకుని చేయగలిగితే మీరు సిల్ఫ్రాకి సిద్ధమైనట్టే.

బరువుల సంగతి కూడా. అండమాన్ లెక్క ఇక్కడ పనికిరాదు. మీరూ సామానూ కలిసి 100 లీటర్ల నీటిని తొలగిస్తే, మంచినీటిలో సముద్రం కన్నా 2.5 కిలోలు తక్కువ చాలు. కానీ లోపలి ఉన్ని సూట్ మందంగా ఉంటుంది కాబట్టి మొత్తం మీద మీకు అలవాటైన దానికన్నా చాలా ఎక్కువే పడుతుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ (ఒత్తిడి కొలత) గాలి వాడేసరికి సిలిండర్ సుమారు 2 కిలోలు తేలికవుతుంది. సరిగ్గా లాగూన్‌కి వచ్చేసరికే! అందుకే బరువు సరిచూసుకునేటప్పుడు సిలిండర్‌లో 50 బార్ ఉన్నట్టు లెక్కవేయండి. నిండు సిలిండర్‌తో చూస్తే ఆ 2 కిలోలు కలపండి.

రెగ్యులేటర్_పని:

గడ్డకట్టడం గురించి నేను చెబుతాను.

సిలిండర్‌లో 200 బార్ ఉన్న గాలి ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి తగిలించే భాగం)లో ఒక్కసారిగా 10 బార్ చుట్టుపక్కలకు పడిపోతుంది. అలా వ్యాకోచించిన గాలి సున్నా కన్నా చాలా కిందికి చల్లబడుతుంది. మామూలు సముద్రంలో చుట్టూ ఉన్న నీరు ఆ లోహాన్ని వేడెక్కిస్తూ ఉంటుంది. సిల్ఫ్రా నీరు 2 నుంచి 4 డిగ్రీలు, పైగా మంచినీరు, సున్నా దగ్గరే గడ్డకడుతుంది. సముద్రపు నీరు దాదాపు మైనస్ 2 వరకు ఆగుతుంది. అంటే ఇక్కడ వెసులుబాటు రెండు మూడు డిగ్రీలే. మంచు కట్టి వాల్వ్ తెరుచుకునే ఉండిపోతే గాలి ఆగకుండా తన్నుకొస్తుంది. దాన్నే ఫ్రీ ఫ్లో అంటాం. సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం)లో మీ ఊపిరి తేమ గడ్డకట్టినా ఇదే ఫలితం.

కారణం తెలిస్తే జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. నీళ్ళలో దిగకముందు నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చి పరీక్షించకండి. ఫిబ్రవరి గాలి నీటికన్నా చల్లగా ఉండవచ్చు, మీరు వదిలిన తేమ అక్కడే గడ్డకడుతుంది. పరీక్ష నీళ్ళలో ముంచాకే. గాలిని బలంగా బయటికి వదిలే పర్జ్ బటన్ నొక్కకండి. బీసీడీలోకి, సూట్‌లోకి గాలి నింపేటప్పుడు చిన్న చిన్నగా నొక్కండి, అదే క్షణంలో ఊపిరి పీల్చకండి. మూడు చోట్లకు ఒకేసారి గాలి లాగితే ఫస్ట్ స్టేజ్ మీద భారం పెరిగి ఇంకా చల్లబడుతుంది. సిలిండర్ గాలి పొడిగా ఉండాలి, అది నింపేవాళ్ళ బాధ్యత.

సొంత రెగ్యులేటర్ తెచ్చుకుంటానంటే దాని మీద గుర్తు చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీల కన్నా చల్లటి నీటికి పనికిరాని వాటి మీద ఆ మాట ముద్రించి ఉంటుంది. అలాంటిది వద్దు. నీరు లోపలికి చేరని, సీల్ చేసిన డయాఫ్రమ్ రకం మేలు. ఆక్టోపస్ (అత్యవసరానికి ఉంచే అదనపు సెకండ్ స్టేజ్) కూడా చన్నీటికి పనికొచ్చేదే కావాలి, చాలామంది దాని సంగతి మరిచిపోతారు. నన్నడిగితే నిర్వాహకులు ఇచ్చేదే వాడండి, వాళ్ళ దగ్గర అన్నీ ఈ నీటి కోసమే సర్దినవి.

ఫ్రీ ఫ్లో అయితే: ముందు గైడ్‌కి సైగ. మౌత్‌పీస్‌ని పెదవులతో గట్టిగా మూయకుండా, పక్కకి కొంచెం వదులుగా పట్టుకుని, పొంగే గాలిలోంచి కావలసినంతే పీల్చండి. గైడ్ దగ్గరున్న ఆక్టోపస్ అందుకుని దానిమీదికి మారండి. అప్పుడు గైడ్ మీ సిలిండర్ వాల్వ్ మూసేస్తారు. ఆ తరువాత ఇద్దరూ కలిసి నెమ్మదిగా, నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి. వాల్వ్ మూస్తే మంచు కరిగి రెగ్యులేటర్ మళ్ళీ పనిచేయవచ్చు, కానీ డైవ్ అంతటితో ముగిసినట్టే. ఆలస్యం చేస్తే నిండు సిలిండరైనా కొద్ది నిమిషాల్లో ఖాళీ. మీ దారిలో నెత్తిమీద కప్పు ఉండదు, ఎక్కడినుంచైనా నేరుగా పైకి రావచ్చు. గుహలు నిషేధించడం ఎంత సబబో ఇక్కడ తెలుస్తుంది.

తీరం_నుంచి:

చన్నీటి_డైవర్ గారి మాటతో నాకు పూర్తి ఏకీభావం లేదు. సెలవు తక్కువ ఉన్నవాళ్ళు ఐస్‌లాండ్ కోర్సు చేయడంలో తప్పు లేదు. అదే సూట్, అదే నీరు, చాలాసార్లు మర్నాడు అదే శిక్షకుడు. జర్మనీ చెరువులో ఒక రకం సూట్‌తో నేర్చుకుని, ఇక్కడ వేరే రకం వాల్వ్‌తో దిగితే ఆ అలవాటే అడ్డొస్తుంది. అయితే కోర్సు రోజుకీ సిల్ఫ్రా రోజుకీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. శిక్షకుడు ఇంకో డైవ్ చేయమంటే చేయడానికి చోటుండాలి. ఒక సంగతి ముందే అడిగి తెలుసుకోండి: తేలడం అదుపు చేయడానికి సూట్ వాడమంటారా, బీసీడీ వాడమంటారా. రెండు పద్ధతులూ ఉన్నాయి, ఒకే డైవ్‌లో కలపకూడదు.

మీవారి విషయం. స్నార్కెలింగ్ అంటే తక్కువ రకం అనుకోకండి. అదే డ్రై సూట్, అదే మెట్లు, అదే దారి. చాలామంది నిర్వాహకులు అడిగేది 12 ఏళ్ళ వయసు, సుమారు 150 సెం.మీ. ఎత్తు, 50 కిలోల బరువు, ఈత. నీళ్ళలో అరగంట నుంచి నలభై నిమిషాలు ఉంటారు. సూట్ తేలుస్తుంది, నెమ్మది ప్రవాహం ముందుకు తీసుకెళ్తుంది, మొహం కిందికి పెట్టుకుని చూడడమే పని. నీరు అంత తేటగా ఉన్నప్పుడు అడుగున ఉన్నది పైనుంచే కనిపిస్తుంది. ఆయన గుర్తుంచుకోవలసిన మలుపు ఒక్కటే. చివర ఎడమకు తిరిగి లాగూన్‌లోకి రావాలి. నేరుగా పోతే ప్రవాహం థింగ్‌వల్లవాట్న్ సరస్సు వైపు తీసుకెళ్తుంది. కాబట్టి గైడ్‌కి దగ్గరగా ఉండాలి.

ఆరోగ్యం గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు, రాయాలి. దిగేముందు ఆరోగ్య పత్రం నింపమంటారు. ఒక్క ప్రశ్నకైనా అవునని జవాబొస్తే డాక్టరు సంతకం కావాలి. అది జర్మనీలోనే చేయించుకోండి. బీపీ ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు స్నార్కెలింగ్ కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. చల్లటి నీటిలో చేతులు, కాళ్ళ రక్తనాళాలు ముడుచుకుని, సూట్ ఒత్తిడి కూడా తోడై, రక్తం ఛాతీలోకి చేరుతుంది. కొందరికి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. ఆయాసం, ఆగని దగ్గు, నురగ, ఊపిరి అందడం లేదన్న భావన వస్తే ఆగి చూద్దాం అనకూడదు, వెంటనే గైడ్‌కి చెప్పి బయటికి రావాలి.

నీలిమేఘం:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇంకొన్ని చిన్న సందేహాలు. నాకు జుట్టు పొడుగు, మావారికి గడ్డం, ఇద్దరికీ కళ్ళజోడు. లోపల ఏం వేసుకోవాలి? డైవ్ చేసిన మర్నాడు ఉదయమే తిరుగు విమానం, ఇబ్బందా?

సూట్_సీల్స్:

మెడ దగ్గర నీరు చొరకుండా బిగిసి ఉండే సీల్ కింద ఒక్క వెంట్రుక చిక్కినా దాని వెంట నీరు దారి చేసుకుంటుంది. జడ వేసి, ముడిచి, హుడ్ లోపల అణిగేలా కట్టండి. నడినెత్తిన కొప్పు పెడితే హుడ్ బిగిసి తలనొప్పి వస్తుంది, మెడ వెనక కిందుగా ఉండాలి, కానీ సీల్‌కి పైన. గడ్డం మెడ మీదికి దిగి ఉంటే ఆ భాగం వరకు గీయించుకోవాలి. మీసం వల్ల మాస్క్‌లోకి కాస్త నీరు వస్తుంది, సిలికాన్ గ్రీజు రాస్తే తగ్గుతుంది. గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసులు, నల్లపూసలు అన్నీ తీసి హోటల్లో పెట్టి రండి. లేటెక్స్ సీల్‌ని చింపేది అవే. పొడుగు గోళ్ళు కూడా. తొడిగేటప్పుడు సీల్‌ని వేళ్ళ కొసలతో లాగకండి, అరచేతులతో తెరవండి.

మెడ సీల్ బిగుతుగా ఉండి తల తిరుగుతున్నా, కళ్ళముందు చుక్కలు కనిపిస్తున్నా మొహమాటపడకుండా చెప్పండి. మెడ పక్క రక్తనాళం మీద ఒత్తిడి పడితే గుండె వేగం తగ్గుతుంది. పోను పోను సర్దుకుంటుందిలే అనుకోవడం ప్రమాదం, సూట్ మార్చాలి.

ఒంటికి అంటుకునే పొరగా మెరినో ఉన్ని గానీ సింథటిక్ థర్మల్ గానీ, కాళ్ళకు మందపాటి ఉన్ని మేజోళ్ళు. నూలు బట్ట, జీన్స్ వద్దు, చెమటను పట్టి ఉంచి చల్లబరుస్తాయి. పైన వేసుకునే ఉన్ని సూట్ వాళ్ళిస్తారు. మేజోళ్ళు రెండు జతలు వేసి బూటు బిగిస్తే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. పూర్తి జత బట్టలు అదనంగా తెచ్చుకోండి. మణికట్టు దగ్గర కొంచెం నీరు రావడం మామూలే. చేతులకిచ్చే నియోప్రీన్ గ్లవ్‌ల్లోకి నీరు వస్తుంది, ముందుగా మొద్దుబారేవి వేళ్ళే. వేళ్ళు బకిల్ నొక్కలేని స్థితికి రాకముందే సైగ చేయండి. మొహానికి కప్పు ఉండదు. దిగగానే నుదుటికి, పెదవులకు నొప్పి వస్తుంది. మెట్ల దగ్గర నిలబడి, మొహం రెండు మూడుసార్లు ముంచి, ఊపిరి నెమ్మదించాకే ముందుకు కదలండి.

సూట్ వేసుకోవడానికి ముందు మూత్రానికి వెళ్ళి రండి. చలికి మళ్ళీ త్వరగానే వస్తుంది, సూట్ విప్పడం పెద్ద పని. అలాగని నీళ్ళు తాగడం మానకండి. ఉదయం పలహారం తప్పనిసరి, ముందురాత్రి మద్యం వద్దు. కళ్ళజోడు మాస్క్‌లో ఇమడదు. మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోండి, లేదా పవర్ మాస్క్ ఉందేమో బుక్ చేసేటప్పుడే అడగండి.

విమానం విషయంలో, డాన్ (డైవర్ల భద్రతా సంస్థ) సూచన ప్రకారం ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలి. సిల్ఫ్రాలో చాలామంది ఒకే రోజు రెండు డైవ్‌లు చేస్తారు కాబట్టి 18 లెక్కవేయండి. మధ్యాహ్నం రెండింటికి బయటికొస్తే మర్నాడు ఉదయం ఎనిమిది దాకా ఎక్కకూడదు. సిల్ఫ్రాని యాత్ర మొదట్లోకి జరపండి. స్నార్కెలింగ్‌కి ఈ నియమం లేదు.

చన్నీటి_డైవర్:

ఒకటి చేర్చాలి. లాగూన్ అడుగున మెత్తటి ఒండు ఉంటుంది. ఒక్కసారి ఫిన్ (కాలికి తొడిగే తెడ్డు) తగిలినా మబ్బులా లేచి వెనక వచ్చేవాళ్ళకు ఏమీ కనిపించదు. రాళ్ళ మీది పచ్చటి నాచును కూడా ముట్టుకోకండి. చేతులు ముడుచుకుని, మోకాళ్ళు వంచి, కప్పకాళ్ళతో ఈదండి. కాళ్ళు పైకీ కిందికీ ఆడించే అలవాటుంటే జర్మనీలోనే మార్చుకోండి. ఫిబ్రవరి చివర్లో అక్కడ పగలు పది గంటలే, సూర్యుడు కిందుగానే ఉంటాడు. మిట్టమధ్యాహ్నానికి దగ్గరగా ఉన్న సమయం బుక్ చేసుకోండి, పగుల్లోకి వెలుగు బాగా దిగుతుంది.