రౌటర్లలో టీక్యామ్ రోజులు చెల్లినట్టేనా?

రౌటర్‌రాజు: చెల్లినట్టే అంటాను. టీక్యామ్ అంటే ప్యాకెట్టు ఎటు పోవాలో రౌటరు వెతుక్కునే ప్రత్యేక మెమరీ. మామూలు మెమరీకి అడ్రసు ఇస్తే అక్కడున్న డేటా ఇస్తుంది. టీక్యామ్‌కు డేటా ఇస్తే, అన్ని వరుసల్లోనూ ఒకేసారి వెతికి అది ఎక్కడుందో చెబుతుంది. వేగమే, కాదనను. కానీ ఎస్‌ర్యామ్ (మామూలు వేగమైన మెమరీ) బిట్టుకు 6 ట్రాన్సిస్టర్లు చాలు, దీనికి సాధారణంగా 16 కావాలి. వెతికిన ప్రతిసారీ వరుసలన్నీ కరెంటు తాగుతాయి. అడ్రసులో మొదటి 24 బిట్లకు 32 ఎంబీ డీర్యామ్ (చవక, నెమ్మది మెమరీ) పట్టిక పెట్టుకుంటే ఐపీవీ4 (32 బిట్ల ఇంటర్నెట్ అడ్రసు) రూటు, అంటే ప్యాకెట్టు దారి, ఒకటి రెండు రీడ్లలో దొరుకుతుందని గుప్తా, లిన్, మెకియోన్ అనే పరిశోధకులు 1998లోనే చూపించారు. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ రూట్లు 5,12,000 దాటగానే పాత రౌటర్లలో టీక్యామ్ నిండిపోయి ఎన్ని సైట్లు పడ్డాయో మరిచారా?

చిప్‌సుజాత: రాజుగారూ, ఆ రోజు చాలా కార్డుల్లో నిండింది చిప్పు కాదు, ఐపీవీ4కి డిఫాల్టుగా ఇచ్చిన వాటా. వాటా పెంచి రీలోడ్ చేస్తే సర్దుకున్నాయి. అయినా మీ 24 బిట్ల ఉపాయం 128 బిట్ల ఐపీవీ6కి ఎలా సాగుతుంది? ఏసీఎల్ (ఏ ప్యాకెట్టును వదలాలో, ఏది ఆపాలో చెప్పే రూళ్ల జాబితా) మాటేమిటి? సోర్సు, డెస్టినేషన్, రెండు పోర్టులు, ప్రోటోకాల్ అన్నీ కలిపి ఒక్క దెబ్బకు తేలాలి. 0, 1 కాక ‘ఏదైనా సరే’ అనే మూడో విలువ ఉన్నది టీక్యామ్‌లోనే.

రౌటర్‌రాజు: ఏసీఎల్ మీరే ఎత్తారు కాబట్టి, పోర్టు 1 నుంచి 65534 అని ఒక్క రూలు రాసి చూడండి. టీక్యామ్‌కు రేంజి తెలీదు, ప్రిఫిక్సులుగా (మొదటి బిట్లు ఒకటే ఉన్న ముక్కలుగా) విడగొడితే 30 ఎంట్రీలు. రెండు పోర్టులకూ అదే పెడితే 900!

చిప్‌సుజాత: అలాంటి రూలు ఎవరు రాస్తారండీ? అందరూ రాసే ‘1024, ఆపైన’కు 6 చాలు. రేంజిలకు విడిగా కంపారేటర్లున్న చిప్పులూ ఉన్నాయి.

పాతచిప్పు: మధ్యలో దూరుతున్నా. 1970ల్లో గుడ్‌ఇయర్ వాళ్లు (అవును, టైర్ల గుడ్‌ఇయరే) స్టారన్ అని అసోసియేటివ్ కంప్యూటర్ (ఇలాగే డేటా ఇచ్చి అన్నిచోట్లా ఒకేసారి వెతికేది) చేశారు. డేటాబేసుల దాకా ఆ పద్ధతి పాకలేదు. చవక ర్యామ్, హ్యాషింగ్, ఇండెక్సులు కలిసి దాని బేరం కొట్టేశాయి. రౌటర్లలోనూ అదే జరుగుతుందని రాజన్న లెక్క.

చిప్‌సుజాత: డేటాబేసుకు మిల్లీసెకను ఆలస్యమైనా గడుస్తుంది. 100 గిగాబిట్ పోర్టులో చిన్న ప్యాకెట్లయితే సెకనుకు 14.88 కోట్లు, ఒక్కోదానికి 6.7 నానోసెకన్లు. డీర్యామ్‌లో ఒక్క రీడ్‌కే అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. మెమరీ బ్యాంకులు (విడివిడి భాగాలు) పెంచి పైప్‌లైన్ చేస్తామంటారా (ఒక రీడ్ ముగియకముందే ఇంకోటి మొదలెట్టడం), అప్పుడు ఎన్ని చిప్పులు, ఎన్ని వాట్లు? ఆ లెక్క ఇక్కడ పెట్టండి రాజుగారూ, మాట్లాడదాం.